దుబాసీ తాత చెవుడు

చెవి మిషన్ల దుకాణం తెరిచిన ఏడాదికే వీధి వీధంతా ఆమెను చెవులమ్మ అనడం మొదలుపెట్టింది. ఆమె కాదనలేదు. పేరుకు తగ్గట్టే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరివాళ్ళ చెవులతోనే ఆమెకు కాపురం. దుకాణం వెనక చిన్న గది. గోడల నిండా మందపాటి స్పాంజి. తలుపు వేస్తే బయట లారీ హారన్ కూడా దోమ పాటంత అవుతుంది. మనిషిని అందులో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దం ఇవతల నుంచి మీట నొక్కుతూ, "వినపడితే వేలెత్తండి" అంటుంది. ఎవరికి నిజంగా వినపడటం లేదో, ఎవరు వినపడనట్టు నటిస్తున్నారో పది నిమిషాల్లో తేలిపోతుంది. నిజంగా వినపడనివాడు మొహమాటానికి పోయి, వినపడకపోయినా వేలెత్తేస్తాడు. నటించేవాడు చప్పుడు వచ్చిన ప్రతిసారీ రెప్ప కొడతాడు గాని వేలు మాత్రం ఎత్తడు.

ఇంతటి నిపుణురాలికి ఇంట్లోనే పరీక్షకు చిక్కని చెవులు ఒక జత ఉన్నాయి. అవి పెదనాన్నవి. చిన్నప్పుడే తండ్రి పోతే చెవులమ్మను పెంచి, చదివించి, కింది వాటాలో దుకాణం పెట్టించి, పై వాటాలో పెద్దమ్మతో ఉంటున్నాడాయన. నలభై ఏళ్ళు బడిలో దొరల భాష పాఠం చెప్పిన మాస్టారు. ఎర్రసిరా కలం చేతిలో లేకుండా పేపరు కూడా చదవడు. తప్పు కనిపిస్తే సున్నా చుట్టి, ఆ కాగితాన్ని పత్రికవాళ్ళకే తిరిగి పంపిస్తాడు. తనకు చెవుడని ఆయనే అందరికీ చెబుతాడు. వంటింటి కుళాయి కారుతోందని పెద్దమ్మ నెలరోజులు చెవినిల్లు కట్టుకుని పోరినా వినపడదు. బిస్కెట్ల డబ్బా మూత తీస్తే మాత్రం మేడ మీద నుంచి దిగి వస్తాడు.

"ఒక్కసారి వచ్చి ఆ గదిలో కూర్చో పెదనాన్నా, పది నిమిషాల పని," అని చెవులమ్మ ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

"ఎందుకే దండగ? ఇది మందుకీ మిషనుకీ లొంగేది కాదు. వంశంలో వస్తోంది, దుబాసీ తాత దగ్గర్నుంచి," అనేవాడాయన.

దుబాసీ తాత అంటే పెదనాన్నకు ముత్తాత. తెల్లదొరల కాలంలో జిల్లా కచేరీలో దుబాసీగా చేశాడు. దొర మాట జనానికి, జనం మాట దొరకు మార్చి చెప్పే కొలువు. పాతికేళ్ళు చేశాడట, అదీ చెవుడుతో. ఆ ఇంట పుట్టిన పిల్లా పిడుగూ అందరూ ఈ ముక్క వింటూ పెరిగినవాళ్ళే. బంధువర్గమంతటినీ ఊళ్ళో ఇప్పటికీ 'దుబాసీ వాళ్ళు' అనే అంటారు. చెవిటివాడు దుబాసీ పని ఎలా చేశాడని చెవులమ్మ తొమ్మిదేళ్ళ వయసులో అడిగితే, "అదేనే మన గొప్పతనం," అని పెదనాన్న మీసం దువ్వుకున్నాడు. ఎలా చేశాడో మాత్రం చెప్పలేదు.

ఆ ఏడు పెదనాన్నకు ఎనభై నిండబోతున్నాయి. చుట్టాలందరినీ పిలిచి, తలా ఒక వంశవృక్షం పటం చేతిలో పెట్టాలని ఆయన కోరిక. తలుపంత అట్ట మీద ఆరు నెలలుగా గీస్తున్నాడు. మొదట్లో పెద్ద సున్నా, అందులో దుబాసీ తాత. కింద కొడుకులు, మనవలు, మునిమనవలు, కొమ్మలు కొమ్మలుగా. కొడుకుల పక్కన చిన్న సున్నాలు చుట్టి 'భార్య' అని రాశాడు. ఆ సున్నాల్లో పేర్లు లేవు.

"వాళ్ళకి పేర్లు లేవా?" అంది పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ.

పెదనాన్నకు వినపడలేదు.

అయితే ఆయనకు ఇంకొకటి కావాలి. దుబాసీ తాతకు దొర ఇచ్చిన నియామకపు ఉత్తర్వు నకలు. అది పటం పైన అచ్చు వేయిస్తే, ఇక కాదనేవాడు ఉండడు. దుకాణానికి సోమవారం సెలవు కాబట్టి ఆ పని చెవులమ్మ నెత్తిన పడింది.

పాత కచేరీ ఇప్పుడు రికార్డు గదిగా మారింది. ఎత్తైన కిటికీలు, నేల నుంచి కప్పు దాకా ఇనప బీరువాలు. వాటిలో ఎర్రగుడ్డలో చుట్టి, చెక్కబిళ్ళ కట్టిన కాగితాల కట్టలు. 'నిశ్శబ్దం పాటించవలెను' అని గోడకు నాలుగు చోట్ల బోర్డులు. బల్ల దగ్గర సన్నటి గుమాస్తా ఒకాయన చేతులకు గుడ్డ తొడుగులు వేసుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ బోర్డుల కింద పనిచేసి, ఆయనకు గొంతే పోయింది. బజార్లో కూరగాయలు బేరమాడేటప్పుడు కూడా గుసగుసే అని తర్వాత తెలిసింది. ఆయన పెదవులు కదిపాడు.

"తెల్లదొరల కాలం నాటి దుబాసీ నియామకం కావాలండీ. సంవత్సరం సరిగ్గా తెలీదు," అంది చెవులమ్మ తనూ గొంతు తగ్గించి.

గుమాస్తా ఆశ్చర్యపోయాడు. "నేను అడిగింది మీకు ఎలా వినపడింది?"

"వినపడలేదండీ. పెదవులు చూశాను. నా వృత్తే అది."

"వచ్చినవాళ్ళంతా 'ఆఁ, ఆఁ' అని నాలుగుసార్లు అడిగిస్తారు," అన్నాడాయన, మొహం కాస్త విప్పారి. "కూర్చోండి. పెన్ను లోపల పెట్టేయండి, ఇక్కడ పెన్సిలొక్కటే."

మొదటి సోమవారం దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. రెండో సోమవారం మధ్యాహ్నం గుమాస్తా ఒక కట్ట తెచ్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు. అందులో ఉత్తర్వు ఉంది. ఫలానా అభ్యర్థి అర్జీలోని భాష, చేతిరాత రెండూ మిక్కిలి తృప్తికరంగా ఉన్నందున దుబాసీగా నియమించడమైనది అని దొర సంతకం. పెదనాన్న అడిగిన కాగితం అదే. ఇక లేచి వెళ్ళిపోవచ్చు. కానీ అంచున వేరే సిరాతో చిన్న అక్షరాలు కనిపించాయి: 'దుబాసీ చెవుడుపై విచారణ కట్ట చూడుము.'

"ఇదేంటండీ?" అంది.

గుమాస్తా వంగి చదివాడు. ముప్ఫై ఏళ్ళలో చెవుడు మీద విచారణ ఆయన కంటపడలేదు. "వచ్చే సోమవారానికి వెతికి ఉంచుతాను," అన్నాడు. ఆ మాట గుసగుసే అయినా హుషారుగా ఉంది.

మూడో సోమవారం చెవులమ్మ తలుపు తెరిచేసరికే కట్ట బల్ల మీద ఉంది. గుమాస్తా తన కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. తనూ చదవలేదని, ఆవిడ కోసం ఆగానని చెప్పాడు.

పైన ఉన్నది వైద్యుడి నివేదిక. దుబాసీ ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకు చేసిన పరీక్ష. 'జేబు గడియారం చెవికి ఆనించితిని, వినపడలేదన్నాడు. గుమ్మం గంట పక్కనే కొట్టించితిని, వినపడలేదన్నాడు. మాట మాత్రం స్పష్టముగా నున్నది.' చెవులమ్మ అక్కడ ఆగిపోయింది. గంట కూడా వినపడనంత చెవుడు ఏళ్ళ తరబడి ఉన్నవాడికి తన మాట తనకే వినపడదు. ఎక్కడో ఒక అక్షరం మొద్దుబారాలి, గొంతు పెరగాలి. స్పష్టంగా ఉందంటే ఏదో తిరకాసుంది. వైద్యుడికీ అదే అనుమానం వచ్చినట్టుంది. కింద ఇలా రాశాడు: 'పిమ్మట రోగి వెనక నిలబడి, నా సహాయకునితో మెల్లగా, దేశభాషలో, ఇతని వీపు మీద తేలు పాకుచున్నదని అంటిని. రోగి కుర్చీతో సహా లేచెను. తేలు లేదు.'

చెవులమ్మ పక్కున నవ్వింది. గుమాస్తా ఆవిడకు బోర్డు చూపించబోయి, తనూ ఆ వాక్యం చదివి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

వైద్యుడి దాకా విషయం ఎలా వెళ్ళిందో తర్వాతి కాగితం చెప్పింది. అది ఆకాశరామన్న అర్జీ. దొరల భాషలోనే ఉంది. అక్షరాలు కోడి గీకినట్టున్నా వాక్యాలు తీర్చిదిద్దినట్టున్నాయి. 'తమ దుబాసీకి చెవుడు లేదు. పక్కగదిలో పిల్లి నడిచినా నిద్రలేస్తాడు. తమరు ధర్మప్రభువులు, పరీక్ష చేయించి నిజం తేల్చగలరు.' కింద సంతకం లేదు. దొర మాత్రం అర్జీ అంచున రెండు వరుసలు రాసుకున్నాడు: 'ఈ రాత నాకు కొత్త. ఈ భాష మాత్రం ఆరేళ్ళుగా నేను రోజూ చదువుతున్నదే. ఈ జిల్లాలో నా భాష ఇంత బాగా రాసేవారు ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరు తన మీద తానే అర్జీ పెట్టుకోరు కదా. దుబాసీ ఇంట్లో ఎవరున్నారో విచారించవలెను.'

ఇంట్లో ఉన్నది దుబాసీ భార్య. దొరల బంగళా పిల్లలు ఆమెను చిలక అని పిలిచేవారు. కచేరీ కాగితాల్లోనూ అదే స్థిరపడిపోయింది. ఆమె వాంగ్మూలం నాలుగు పేజీలు. గుమాస్తాలు రాసుకోవడానికి సిద్ధపడితే, 'నేనే రాసిస్తాను' అని కలం తీసుకుందని పైన ఒక ముక్క ఉంది. అదే కోడి గీతల రాత, అదే దొరల భాష. చెవులమ్మ వేలు పెట్టి ఒక్కో వరుసే చదువుతూ, గుమాస్తాకు మనవాళ్ళ మాటలో చెప్పసాగింది.

'మా అమ్మ బంగళాలో ఆయా. ఆరేళ్ళప్పటి నుంచి పిల్లల పాఠాల గదిలో పంకా తాడు లాగే పని నాది. తాడు లాగడానికి చెయ్యి చాలు, చెవులు ఖాళీయే. పిల్లలు నేర్చుకున్నదంతా నేనూ నేర్చుకున్నాను. వాళ్ళు మర్చిపోయింది కూడా నాకు గుర్తుంది. నా భర్త చేతిరాత ముత్యాల పేట. ఆయనకు దొరల అక్షరాలు వచ్చు, అర్థాలు రావు. ఉద్యోగపు అర్జీ నేను చెప్పాను, ఆయన రాశాడు. మొదటిరోజు దొరగారు గబగబా ఏదో అన్నారట. ఈయనకు ముక్క అర్థం కాక, భయంతో చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. దొరగారు అరిచారు. ఈయన చెయ్యి తీయలేదు. దొరగారు పలక తెప్పించి రాసిచ్చారు. చెవుడు అప్పుడు పుట్టింది. అది పుట్టడంలో నా చెయ్యి లేదు. పెంచడంలో ఉంది, ఒప్పుకుంటాను.

'అప్పటి నుంచి ప్రతి మాటా కాగితం మీదే. సాయంత్రం ఇంటికి తెస్తాడు, నేను మార్చి చెబుతాను, ఆయన ముత్యాల్లా రాసుకుని పొద్దున్నే పట్టుకెళతాడు. జాగ్రత్త గల మనిషని దొరగారు మెచ్చుకున్నారని చెప్పాడు. ఆ మెప్పు నాకు చేరినట్టే అనుకున్నాను. పని నాకు కష్టం కాదు, ఇష్టం. అయితే ఏడాదిగా ఆయనకు ఇంట్లో కూడా చెవుడు మొదలైంది. నీళ్ళు తెమ్మంటే వినపడదు. పిల్ల ఏడుస్తోందంటే వినపడదు. కచేరీ చెవుడు కచేరీలోనే వదిలేసి రమ్మని మూడుసార్లు చెప్పాను. వినపడలేదన్నాడు. ఇక నా మాట వినేవాళ్ళు ఈ జిల్లాలో దొరగారొక్కరే కనిపించారు. అందుకని ఆ అర్జీ నేనే రాశాను. ఉద్యోగం పోతుందని తెలుసు. తెలిసే రాశాను.'

గుమాస్తా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆవిడ మా ఇంటికి కూడా ఒకసారి వచ్చి రాసుంటే బాగుండేది అంటుంది మా ఆవిడ, ఇది చెబితే," అన్నాడు.

చివరి కాగితం దొర ఉత్తర్వు. చదువుతుంటే ఆయన ఎంత తల పట్టుకున్నాడో తెలుస్తోంది. స్త్రీని దుబాసీగా నియమించడానికి నిబంధనలు ఒప్పవు. ఉన్న దుబాసీని తీసేస్తే జిల్లాలో ఒక్క కాగితమూ కదలదు. అయితే అంగవైకల్యం గల ఉద్యోగికి ఒక సహాయకుణ్ణి ఇవ్వవచ్చని ఎక్కడో మూలన ఒక నిబంధన ఉంది. అది పట్టుకుని దొర ఇలా తీర్చాడు: 'వైద్యుని నివేదిక ఎట్లున్నను, ఉద్యోగకాలమంతయు ఇతనిని చెవిటివానిగానే పరిగణించవలెను. ఇతనికి వినికిడి సహాయముగా చిలక అను స్త్రీ ప్రతిదినము కచేరీలో పక్కన ఆసీనురాలు కావలెను. ఇంటి వద్ద చెవుడు ఈ ఉత్తర్వుతో రద్దు.'

పద్నాలుగేళ్ళుగా చెవులమ్మ దుకాణం బోర్డు మీద ఉన్న మాట అదే, వినికిడి సహాయం. ఆవిడ ఈసారి నవ్వలేదు. పెన్సిల్ పక్కన పెట్టి, కిటికీలోంచి వస్తున్న ఎండలో ఆ కోడి గీతల రాతను చూస్తూ కూర్చుంది. వినేందుకు ఎవరూ లేక, తన మీదకు తనే విచారణ తెప్పించుకున్న మనిషికి నాలుగో తరం మనవరాలు తను.

హాజరు పట్టీలు కూడా గుమాస్తాయే తెచ్చి చూపించాడు. పంతొమ్మిదేళ్ళు రోజూ రెండు పొడి సంతకాలు, ఒకటి ముత్యంలా, ఒకటి కోడి గీతలా. దుబాసీ తాత మాత్రం ఉద్యోగం నిలవాలంటే చెవిటివాడుగానే ఉండాల్సి వచ్చింది. కచేరీలో ఆయన ముందే జనం ఆయన గురించి చెవులు కొరుక్కున్నా, తిట్టినా, పెదవి విప్పడానికి లేదు. పంతొమ్మిదేళ్ళు. ఆయన పదవీ విరమణ సభ గురించి వేరే దొర రాసిన చిన్న ముక్క ఒకటి ఉంది. తను చెప్పిన హాస్యోక్తికి, సహాయకురాలు మార్చి చెప్పకముందే దుబాసీ నవ్వాడని. ఆవిడ పక్కన అన్నేళ్ళు కూర్చుని, ఆయనకు ఆ భాష వచ్చేసిందన్నమాట.

ఇదంతా పెదనాన్నకు ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించింది చెవులమ్మ. ఏ దారీ తోచక, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెద్దమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెదనాన్న కంచం వైపు చూస్తూ ముద్ద కలుపుతున్నాడు.

"ఏంటే నువ్వంటున్నది? సరిగ్గా వినపళ్ళేదు," అన్నాడు చివరికి.

"నాకు వినపడింది," అంది పెద్దమ్మ. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయినా మళ్ళీ చెప్పు. మొదట్నించీ చెప్పు. ఆ నీళ్ళు తెమ్మంటే వినపడదన్న ముక్క దగ్గర కాస్త నెమ్మదిగా చెప్పు."

చెవులమ్మ మళ్ళీ చెప్పింది. రెండోసారికి పెదనాన్న చెయ్యి ఆగిపోయింది.

"దొరలు ఏది పడితే అది రాస్తారు," అన్నాడు. "ఒక ఆడమనిషి, పంకా తాడు లాగుతూ, పరాయి భాష నేర్చుకోడం, వాంగ్మూలం రాయడం. ఎవడో కల్పించి రాసుంటాడు. నలభై ఏళ్ళు చెప్పాను నేను ఆ భాష. బల్ల ముందు కూర్చోబెట్టి, బెత్తం పట్టుకుని నేర్పితేనే సగంమందికి రాలేదు."

"నువ్వే వచ్చి చూడు పెదనాన్నా."

ఆయన రాలేదు. అచ్చువాడికి ఫోన్ చేసి పటం పని ఆపించాడు. వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తలుపంత అట్టను గోడ వైపు తిప్పి పెట్టాడు. పెద్దమ్మ మాత్రం ఆ వారమంతా పనిచేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. సోమవారం పొద్దున చెవులమ్మ చెప్పులు వేసుకుంటుంటే, మెట్ల మీద ఆయన ఇస్త్రీ చొక్కాతో, చంకలో గొడుగుతో ప్రత్యక్షమయ్యాడు.

"అచ్చుతప్పులు పట్టినవాణ్ణి. దొంగ రాత పట్టలేనా?" అన్నాడు.

గుమాస్తా ఆయనను గౌరవంగా కూర్చోబెట్టాడు. జేబులో ఎర్రసిరా కలం కనిపిస్తే తీసి పక్కన పెట్టించి, పెన్సిల్ ఇచ్చాడు. పెదనాన్న కళ్ళజోడు తుడుచుకుని, వాంగ్మూలం మొదటి పేజీ మీదకు వంగాడు. బడిపిల్లల పేపరు దిద్దేటప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఎడమచేతి చూపుడువేలు వరుస కింద, కుడిచేతిలో పెన్సిల్ సిద్ధంగా, తప్పు కనపడగానే దూకడానికి. మొదటి పేజీ అయింది. రెండో పేజీ. ఒకచోట పెన్సిల్ కాగితం దగ్గరదాకా వెళ్ళి, గాల్లో ఆగి, వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆ వాక్యం చదువుకున్నాడు. నాలుగో పేజీ అయ్యేసరికి పెన్సిల్ బల్ల మీద ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, తల వంచుకునే ఉన్నాడు. చెవులమ్మ భయపడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఒక్క తప్పు లేదే," అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది, గుమాస్తా కన్నా. "నాలుగు పేజీలు. ఒక్కటి కూడా లేదు. రెండో పేజీలో ఒకచోట తప్పనుకున్నా. నాదే తప్పు. అలా కూడా రాయొచ్చు, నాకు తెలీదు. నలభై ఏళ్ళు పిల్లల్ని కొట్టాను, అది తప్పని."

"ఊరుకో పెదనాన్నా."

"నాకీ భాష పిచ్చి ఎక్కడిదా అనుకునేవాణ్ణి. మా నాన్నకి లేదు, తాతకి లేదు. దుబాసీ తాత నుంచి వచ్చిందనుకున్నా. ఆయనకి అసలు రాలేదట కదా."

"చివర్లో వచ్చింది," అన్నాడు గుమాస్తా మర్యాదగా.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని పెదనాన్న చాలాదూరం బయటకే చూశాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఎడమ చెవి మాత్రం నిజంగానే కాస్త తగ్గింది," అన్నాడు.

"తెలుసు. మరి కుడిది?"

ఆయన మళ్ళీ కిటికీలోంచి చూడసాగాడు. చెవులమ్మ గుచ్చి అడగలేదు. ఇంటికి చేరాక ఆయన చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు. పెద్దమ్మతో ఏదో అన్నాడు. ఏమన్నాడో చెవులమ్మ వినలేదు, వినాలని చూడలేదు కూడా. ఆమె కిందికి దిగి, దుకాణంలో దుమ్ము దులుపుకుంటూ కూర్చుంది.

అట్ట మళ్ళీ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. పాతదాని మీద దిద్దితే చిరాగ్గా ఉంటుందని పెదనాన్న కొత్త అట్టే తెప్పించాడు. ఈసారి మొదట్లో రెండు సున్నాలు, సమానంగా, వృత్తలేఖినితో గీసినవి. ఒకదాంట్లో దుబాసీ, ఒకదాంట్లో చిలక. ఏది దుబాసీ అని ఎవరైనా అడిగితే ఆయన రెండో సున్నా చూపించేవాడు. దాని పైన ఇంకో చిన్న సున్నా, బంగళా ఆయా. ఇక 'భార్య' అని ఉన్న ప్రతిచోటా పేరు కావాలి. దాంతో ఇల్లు టెలిఫోను కార్యాలయమైపోయింది. ఏ చిన్నత్త పుట్టిల్లు ఏది, ఏ అమ్మమ్మను ముద్దుగా ఏమనేవారు, పొద్దస్తమానం అవే మాటలు. ఒక్కోసారి అవతలివాళ్ళు మెల్లగా మాట్లాడితే పెదనాన్నే ఫోను కుడిచెవికి మార్చుకుని పేరు పట్టేసేవాడు. పదిహేడు సున్నాల్లో పదహారు నిండాయి. పదిహేడోది ఎవరికీ తెలియలేదు. అందులో 'పేరు అడగనందుకు క్షమించాలి' అని రాసి, కింద తన సంతకం చేశాడు.

పుట్టినరోజు నాడు అద్దె హాల్లో డెబ్భైమంది చుట్టాలు. పటాలు పంచాక ఆయన మైకు ముందు నిలబడి చిలక వాంగ్మూలం, దాని మీద దొర ఉత్తర్వు పూర్తిగా చదివాడు. ముందు దొరల భాషలో, తర్వాత మన మాటలో. 'ఇంటి వద్ద చెవుడు ఈ ఉత్తర్వుతో రద్దు' అన్నచోట ఆడవాళ్ళ వరుసల్లోంచి లేచిన చప్పట్లకు ఆయన పావుగంట ఆగాల్సి వచ్చింది. మగవాళ్ళలో కొందరు పటాన్ని మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. రెండో వరుసలో గుమాస్తా, ఆయన భార్య. ఆవిడ కళ్ళు ఒత్తుకుంటూ ఆయన డొక్కలో మోచేత్తో పొడుస్తూనే ఉంది. చెవులమ్మకు అన్నిటికన్నా బాగా గుర్తుండిపోయింది ఒక పొట్టి మేనకోడలు. మూడో తరగతి. పటంలో తన పేరు వెతుక్కుని, అక్కడి నుంచి వేలితో ఒక్కో కొమ్మా పైకెక్కుతూ చిలక దాకా వెళ్ళి, "నేను ఈవిడ దగ్గర్నించి ఆరోదాన్ని," అని పక్కవాళ్ళకు చెప్పుకుంది.

హడావిడి తగ్గిన వారానికి పెద్దమ్మ, మిగిలిపోయిన అట్టముక్కను చూపిస్తూ, "మా వైపుది ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగింది.

"మీ వైపా?" అన్నాడు పెదనాన్న. "మీ వైపు ఎవరున్నారని?"

"దుబాసీలు లేరు. మా తాతగారి నాన్న మాత్రం దొర గుర్రాన్ని ఎత్తుకుపోయాడట. మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. నిజమో కాదో నాకిప్పుడు తెలియాలి."

ఆ సోమవారం ముగ్గురూ కలిసి వెళ్ళారు. పెద్దమ్మ తనకున్నవాటిలో మంచి చీర కట్టుకుంది. రికార్డు గదిలో బల్ల ముందు నిలబడి, విషయం తనే చెప్పింది. గుమాస్తా తొడుగులు సర్దుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"గుర్రం దొంగతనమా?" అని గుసగుసలాడాడు. "అలాంటివాళ్ళ మీద మా దగ్గర ఉద్యోగస్తుల కన్నా ఎక్కువ కాగితాలుంటాయమ్మా. అది వేరే గది."

తాళాల గుత్తి తీసుకుని ఆయన ముందు నడిచాడు. పెద్దమ్మ కొంగు భుజం మీదకు లాక్కుని, పెదనాన్న కన్నా రెండడుగులు ముందుగా, గుమాస్తా వెనకాలే వెళ్ళింది.